ఎవరి నోట్‌బుక్ ఎక్కువగా తిరుగుతోంది?
(ఉల్లేఖనాల లెక్కతో సైన్సు ఎటు పెరుగుతుందో తెలుసుకోవడం)

నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వస్తుంది. సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుకుంటాం. టీసీ పట్టుకుని కొత్త ఊరికి వెళ్లి, కొత్త తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుంటాం. ఈ పత్రిక చదివే మనందరికీ ఇది అలవాటైన సంగతే.

మొదటి వారంలో ఎవరి పేరూ సరిగ్గా గుర్తుండదు. అయినా ఆ తరగతిలో లెక్కలు ఎవరికి బాగా వచ్చో, సైన్సు నోట్సు ఎవరు చక్కగా రాస్తారో తొందరగానే తెలిసిపోతుంది. ఎవరూ మనకు చెప్పరు. యూనిట్ టెస్టు దగ్గర పడినప్పుడు అందరూ ఎవరి బల్ల దగ్గరికి వెళ్లి "ఒక్కసారి నీ నోట్సు ఇవ్వవా?" అని అడుగుతున్నారో చూస్తాం, అంతే.

ప్రపంచంలో ఏ పరిశోధన ముఖ్యమైనదో, ఏ రంగం వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడానికి కూడా దాదాపు ఇదే పద్ధతి ఉంది. ఇంటర్ తర్వాత ఏం చదవాలన్న వాదన మా పదకొండో తరగతిలో వచ్చినప్పుడు ఈ సంగతి మాకు తెలిసింది. "ఇప్పుడు పెరుగుతున్న రంగం ఇదే" అని ఒకరు, "కాదు, అదే" అని ఇంకొకరు అంటుంటే మా లైబ్రరీ మేడమ్ విని, "పెరుగుతోందని మీకు ఎవరు చెప్పారు? లెక్క చూశారా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కొన్ని లైబ్రరీ పీరియడ్లలో మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఉల్లేఖనం అంటే ఏమిటి?

శాస్త్రవేత్త తాను కనుగొన్నదాన్ని పరిశోధన పత్రంగా రాసి ఒక జర్నల్‌లో ప్రచురిస్తారు. ఆ పత్రం చివర ఒక పట్టిక ఉంటుంది. తనకంటే ముందు ఎవరెవరు చేసిన పని మీద ఆధారపడ్డారో, ఆ పత్రాల వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇలా ఒక పత్రం మరో పత్రాన్ని పేర్కొనడాన్నే ఉల్లేఖనం అంటాం. ఇంగ్లీషులో దీన్ని సైటేషన్ అంటారు.

ఒక పత్రం చివర ఉన్న పట్టిక చూస్తే అది ఎవరి దగ్గర అప్పు తెచ్చుకుందో తెలుస్తుంది. మనకు కావలసింది దానికి ఎదురు ప్రశ్న: ఈ పత్రం దగ్గర ఆ తర్వాత ఎవరెవరు అప్పు తెచ్చుకున్నారు? ఆ జవాబు ఆ పత్రంలో దొరకదు, ఎందుకంటే అది అచ్చయ్యేనాటికి తర్వాతి పత్రాలు ఇంకా పుట్టలేదు. తర్వాత వచ్చిన లక్షల పత్రాల పట్టికలన్నీ వెతికితే తప్ప జవాబు రాదు. ఈ కష్టమైన పనిని ఒక పద్ధతిలో పెట్టిన వ్యక్తి యూజీన్ గార్‌ఫీల్డ్.

వకీళ్ల దగ్గర నేర్చిన విద్య

గార్‌ఫీల్డ్ 1925లో అమెరికాలో పుట్టారు. రసాయనశాస్త్రం చదువుకున్నారు. ఆయనకు ఈ ఆలోచన వకీళ్ల పుస్తకాల నుంచి వచ్చింది. కోర్టులో వాదించేటప్పుడు వకీలు పాత తీర్పులను చూపిస్తాడు. కానీ ఆ పాత తీర్పు ఇప్పటికీ చెల్లుతుందా? ఆ తర్వాత ఏ కోర్టయినా దాన్ని కొట్టేసిందా? అది తెలుసుకోకుండా వాదిస్తే పరువు పోతుంది. అందుకని ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన 1873లోనే అమెరికాలో ఒక పని మొదలుపెట్టారు. ప్రతి తీర్పు కిందా, దాన్ని తర్వాత పేర్కొన్న తీర్పులన్నీ వరుసగా చూపించే పుస్తకాలు వేశారు.

తీర్పులకు చేసిన పని పరిశోధన పత్రాలకు ఎందుకు చేయకూడదని గార్‌ఫీల్డ్ అనుకున్నారు. 1955లో 'సైన్స్' పత్రికలో ఈ ప్రతిపాదనను రాశారు. తర్వాత ఫిలడెల్ఫియాలో ఒక సంస్థ పెట్టి, 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను క్రమంగా వెలువరించడం మొదలుపెట్టారు. చిన్న చిన్న అక్షరాలతో అచ్చయిన లావుపాటి సంపుటాలవి. ఇప్పుడు అదంతా కంప్యూటర్లలోకి వచ్చేసింది. ఒక వెబ్ పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయో, ఆ ఇచ్చేవి ఎంత ముఖ్యమైనవో చూసి వరుస నిర్ణయించే గూగుల్ పద్ధతి కూడా ఈ ఆలోచనకు చుట్టమే. 1998లో దాన్ని వివరిస్తూ రాసిన పత్రంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ఉల్లేఖనాల పద్ధతిని ప్రస్తావించారు.

పుస్తకాల దొంతరలో కనిపించిన గీత

రెండో ముఖ్యుడు డెరెక్ డి సోలా ప్రైస్. 1940ల చివర్లో ఆయన సింగపూర్‌లోని రాఫెల్స్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. లండన్ రాయల్ సొసైటీ 1665 నుంచి ప్రచురిస్తున్న జర్నల్ పాత సంపుటాలు ఆ కాలేజీకి వచ్చాయి. ప్రైస్ వాటిని ఇంటికి తెచ్చుకుని, కాలక్రమంలో గోడకు ఆనించి దొంతరలుగా పేర్చారు. పదేసి సంవత్సరాలకు ఒక్కో దొంతర. చూస్తే మొదటి దొంతరలు పొట్టిగా, తర్వాతివి పొడుగ్గా ఉన్నాయి. ఆ ఎత్తులను కలుపుతూ గీత గీస్తే అది తిన్నని గీత కాలేదు, పోనుపోను నిట్టనిలువుగా లేచే వంపు గీత అయింది.

మన లెక్కల పుస్తకంలో చక్రవడ్డీకి వచ్చే గీత ఇదే. దీన్నే ఘాతీయ వృద్ధి అంటాం. సైన్సు మొత్తం సుమారు 10 నుంచి 15 సంవత్సరాలకు రెట్టింపు అవుతోందని ప్రైస్ తర్వాత లెక్క కట్టారు. 15 ఏళ్లకు ఒకసారి రెట్టింపైతే 150 ఏళ్లలో పదిసార్లు రెట్టింపు అవుతుంది. రెండును పదిసార్లు గుణించి చూడండి: 1024 రెట్లు.

1965లో ఆయన ఇంకో సంగతి చూపించారు. కొత్త పత్రాలు చాలావరకు ఇటీవలి పత్రాలనే పేర్కొంటాయి. ఎప్పటికప్పుడు అచ్చయిన కొద్దిపాటి తాజా పత్రాల చుట్టూ కొత్తవి దట్టంగా అల్లుకుంటాయి. దానికి ఆయన పెట్టిన పేరు 'రీసెర్చ్ ఫ్రంట్'. పరిశోధనలో ముందు వరుస అనుకోవచ్చు. పూలమొక్కలో చిగుర్లు కొమ్మల చివర్లలోనే వస్తాయి కదా, అలాగన్నమాట. వేగంగా పెరుగుతున్న రంగాన్ని పట్టుకోవడమంటే ఆ చిగురు ఎక్కడుందో వెతకడమే.

పెద్దదా, పెరుగుతున్నదా?

ఇక్కడ మేము మొదట పొరబడ్డాం. ఎక్కువ ఉల్లేఖనాలు ఉన్న రంగమే పెరుగుతున్న రంగం అనుకున్నాం. మేడమ్ బోర్డు మీద ఒక ఊహా లెక్క వేశారు.

'క' అనే అంశంపై వరుసగా మూడేళ్లలో వచ్చిన ఉల్లేఖనాలు: 400, 420, 440.
'గ' అనే అంశంపై అదే మూడేళ్లలో: 10, 20, 40.

పెద్దది ఏది? 'క'. వేగంగా పెరుగుతున్నది ఏది? 'గ'. మొదటిది ఏడాదికి సుమారు 5 శాతం పెరిగింది, రెండోది ఏటా రెట్టింపైంది. ఇదే తీరు కొనసాగితే మరో నాలుగేళ్లకు 'క' 520కి చేరుతుంది. 'గ' మాత్రం 80, 160, 320, 640 అవుతుంది. అంటే మూడో ఏడు దాకా 'క' ముందుంటుంది, నాలుగో ఏడు 'గ' దాటిపోతుంది. దాటాక చూస్తే అందరికీ తెలుస్తుంది. 40 దగ్గర ఉన్నప్పుడే గుర్తించడం ఈ లెక్క ప్రయోజనం.

అయితే ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి.

ఒకటి: నిరుడు 1, ఈ ఏడు 3 వస్తే అది 200 శాతం పెరుగుదలే. కానీ ఆ రెండు అదనపు ఉల్లేఖనాలు ఆ శాస్త్రవేత్త పక్క గదిలోని స్నేహితులవే కావచ్చు. అందుకే శాతం చూసేముందు కనీసం ఇన్ని ఉండాలని ఒక హద్దు పెట్టుకోవాలి.

రెండు: గణితంలో పత్రాల చివర పట్టికలు చిన్నవి, జీవశాస్త్రంలో పెద్దవి. గణిత పత్రానికి వచ్చిన 20నీ, జీవశాస్త్ర పత్రానికి వచ్చిన 20నీ ఒకే త్రాసులో వేయకూడదు. ఏ రంగాన్ని ఆ రంగం సగటుతోనే పోల్చాలి.

మూడు: మామిడి టెంక నాటిన మర్నాడే కాయలు లెక్కపెట్టం. పత్రం అచ్చయి, ఇతరులు చదివి, తమ ప్రయోగాలు చేసి, వాళ్ల పత్రం అచ్చయ్యేసరికి సమయం పడుతుంది. అందుకే ఒక్క ఏడాది అంకె చూసి తీర్పు చెప్పకూడదు.

ఎవరు ఎవరితో కలిసి కనిపిస్తున్నారు?

అంకెలు పెరుగుతున్నాయని తెలిసింది. కానీ ఒక 'రంగం' ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎలా తెలుస్తుంది? కొత్త రంగానికి మొదట్లో పేరు కూడా ఉండదు కదా!

దీనికి 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్, సోవియట్ యూనియన్‌లో ఇరీనా మార్షకోవా విడివిడిగా ఒకే ఉపాయం కనుగొన్నారు. రెండు పాత పత్రాలను కొత్తవాళ్లు తరచూ కలిపి పేర్కొంటుంటే, ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉన్నట్టే. దీన్ని సహ ఉల్లేఖనం అందాం. పెళ్లిళ్లలో ఇద్దరు మనుషులు ఎప్పుడూ కలిసే కనిపిస్తుంటే వాళ్లు చుట్టాలో స్నేహితులో అని మనం ఊహిస్తాం కదా, అలాగే.

నాలుగు కొత్త పత్రాల పట్టికలు ఇలా ఉన్నాయనుకుందాం:

మొదటి పత్రం పేర్కొన్నవి: అ, ఆ, ఇ
రెండో పత్రం: అ, ఆ
మూడో పత్రం: అ, ఆ, ఈ
నాలుగో పత్రం: ఇ, ఈ

'అ-ఆ' జంట మూడుసార్లు వచ్చింది. మిగతా జంటలేవీ ఒక్కసారికి మించి రాలేదు. కాబట్టి 'అ', 'ఆ' ఒక గుంపుకు నడిబొడ్డు. ఇలా వేల పత్రాలకు చేసి, గట్టి జంటలను దగ్గరగా, బలహీనమైన జంటలను దూరంగా పెట్టి గీస్తే సైన్సుకు ఒక పటం తయారవుతుంది. ఏటేటా ఆ పటం గీసుకుంటూ పోతే ఏ గుంపు ఉబ్బుతోందో, ఏ రెండు గుంపులు కలిసిపోతున్నాయో, ఎక్కడ కొత్త చుక్క పుట్టిందో కనిపిస్తుంది.

ఉప్పు మడుల నుంచి నోబెల్ దాకా

ఒక నిజమైన కథ చూద్దాం. 1987లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో యొషిజుమి ఇషినో బృందం ఒక బ్యాక్టీరియా డీఎన్ఏలో ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం గమనించింది. దాని అర్థమేమిటో తెలియదని రాసి ఊరుకుంది. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో మోహికా అనే యువకుడు అలికాంతే దగ్గరి ఉప్పు మడుల్లో బతికే సూక్ష్మజీవుల్లో కూడా ఇలాంటి వరుసలే చూశాడు. 1990లంతా కొద్దిమంది తప్ప దీన్ని పట్టించుకున్నవారు లేరు. 2002లో దీనికి 'క్రిస్పర్' అనే పేరు వచ్చింది. ఈ వరుసల మధ్య ఉన్న ముక్కలు వైరస్‌లకు చెందినవని, బ్యాక్టీరియా వాటిని గుర్తుపెట్టుకుని తనను కాపాడుకుంటోందని మోహికాకు తట్టింది. ఆ పత్రాన్ని ఒకటి తర్వాత ఒకటిగా జర్నళ్లు తిప్పి పంపాయి. చివరకు 2005లో అచ్చయింది.

2007లో పెరుగు తోడుకోవడానికి పనికివచ్చే బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగం ఈ ఊహ నిజమని తేల్చింది. మనం రోజూ అన్నంలో కలుపుకునే పెరుగులోని జీవే! 2012లో ఎమ్మాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా బృందాలు దీన్నే డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే సాధనంగా మార్చవచ్చని చూపించాయి. అక్కడి నుంచి గీత నిట్టనిలువుగా లేచింది. వైద్యం, పంటలు, పశువులు అంటూ ఎక్కడెక్కడి పత్రాలో ఈ పత్రాన్ని పేర్కొనడం మొదలుపెట్టాయి. వాళ్లిద్దరికీ 2020లో నోబెల్ వచ్చింది. 2023లో సికిల్ సెల్ రక్తహీనతకు ఈ పద్ధతితో చేసే చికిత్సను బ్రిటన్, అమెరికా ఆమోదించాయి. మన తెలుగు రాష్ట్రాల్లోని గిరిజన ప్రాంతాల కుటుంబాలను కూడా పీడిస్తున్న జబ్బు ఇది.

ఈ గీతలో మూడు భాగాలు గమనించండి: చాలా ఏళ్లు నేలబారుగా, కొన్నేళ్లు మెల్లగా, ఆపై ఒక్కసారిగా ఎత్తుగా. ఉల్లేఖనాల లెక్క మూడో భాగాన్ని సులభంగా పట్టుకుంటుంది, రెండో భాగాన్ని జాగ్రత్తగా చూస్తే పట్టుకుంటుంది. మొదటి భాగంలో మోహికా ఒంటరిగా కష్టపడుతున్నప్పుడు ఆ లెక్క ఏమీ చెప్పలేదు.

లెక్క తప్పుదారి పట్టించే చోట్లు

ఎక్కువ ఉల్లేఖనాలు వచ్చినంత మాత్రాన అది కొత్త చిగురు కాదు. చరిత్రలో ఎక్కువగా పేర్కొన్న పత్రం 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసినది. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. దానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనాలు ఉన్నాయి. వంటింట్లో గరిటె లాంటిది, ఏ కూరకైనా కావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని కూడా దశాబ్దాల పాటు ప్రయోగశాలలు పేర్కొంటూనే వచ్చాయి.

ఇక, పేర్కొన్నంత మాత్రాన మెచ్చుకున్నట్టు కాదు. 1989లో ఇద్దరు శాస్త్రవేత్తలు గది ఉష్ణోగ్రత దగ్గరే కేంద్రక సంలీనం సాధించామని ప్రకటించారు. ఉల్లేఖనాలు ఒక్కసారిగా వెల్లువెత్తాయి. చాలామంది రాసింది "మేము చేసి చూశాం, రాలేదు" అని. లెక్కపెట్టే యంత్రానికి పొగడ్తకూ తిట్టుకూ తేడా తెలియదు.

అంకెకు బహుమతి పెడితే అంకెనే పెంచుకునేవాళ్లు ఉంటారు. తమ పత్రాలను తామే అవసరం లేకుండా పేర్కొనడం, "నువ్వు నాది రాయి, నేను నీది రాస్తా" అని ఒప్పందాలు చేసుకోవడం జరుగుతాయి. అందుకే జర్నల్‌కు ఉన్న సగటు అంకె చూసి మనిషి పనిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు శాస్త్రవేత్తలు, సంపాదకులు కలిసి ఒక ప్రకటన తయారుచేశారు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది. మంచి పని చాలాకాలం ఎవరి కంటా పడకపోవచ్చు. మెండెల్ బఠాణీ మొక్కల పత్రం 1866లో అచ్చయితే, దాని విలువ 1900లో గాని లోకానికి తెలియలేదు. ఇలాంటివాటిని 'నిద్రపోయే పత్రాలు' అనుకుందాం.

మనలాగే ఊళ్లు మారుతూ చదువుకున్న ఒకాయన కథ ఇక్కడ చెప్పాలి. సి.ఆర్. రావు గారి తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. రావు గారు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో బడి చదువు చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పత్రం రాశారు. అందులోని ఒక ఫలితం 'క్రామర్-రావు హద్దు'గా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎంతగా ఎక్కిందంటే, చాలామంది అసలు పత్రాన్ని పేర్కొనకుండానే ఆ పేరు వాడేస్తారు. అంటే బాగా ప్రసిద్ధమైన పని కూడా లెక్కలోంచి జారిపోవచ్చు! అదే పత్రంలోని మరో ఆలోచన చాలా ఏళ్ల తర్వాత 'ఇన్ఫర్మేషన్ జామెట్రీ' అనే కొత్త శాఖకు విత్తనమైంది. ఆ పనికి 78 ఏళ్ల తర్వాత, 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది.

మీరే చేసి చూడండి

మీ బడి లైబ్రరీలో పుస్తకాల చివరి అట్ట లోపల గడువు తేదీలు ముద్ర వేసే చీటీ ఉంటుంది. ఒకే అలమారాలోని పది పుస్తకాలు తీసుకోండి. ఒక్కో పుస్తకానికి ఏ ఏడాది ఎన్ని ముద్రలు పడ్డాయో పట్టిక వేయండి. ఇప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. మొత్తం మీద ఎక్కువ ముద్రలు ఉన్న పుస్తకం ఏది?
2. గత మూడేళ్లలో వేగంగా పెరిగిన పుస్తకం ఏది? రెండూ ఒకటేనా?
3. ఒక్క ముద్ర కూడా లేని పుస్తకం ఏది? దాన్ని తీసుకుని పది పేజీలు చదవండి. అది నిజంగా పనికిరానిదా, లేక పై అరలో ఉండిపోవడం వల్ల ఎవరికీ అందలేదా?

పై తరగతులవాళ్లు గూగుల్ స్కాలర్‌లో తమకు నచ్చిన అంశం పేరు కొట్టి, ఒక్కో సంవత్సరానికి ఎన్ని ఫలితాలు వస్తున్నాయో రాసుకుని గ్రాఫ్ గీయవచ్చు. గీత ఆకారం చూసి అది ఏ దశలో ఉందో చెప్పడానికి ప్రయత్నించండి.

చివరగా ఒక మాట

నిరుడు జూలైలో మా తరగతికి ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. తక్కువ మాట్లాడేది. ఆమె నోట్సు మేమెవరం అడగలేదు. మా అందరికీ అడగడానికి అలవాటైన బల్లలు రెండు మూడు ఉండేవి. జనవరిలో వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. వెళ్లేరోజు తన ఫిజిక్సు నోట్‌బుక్ మాలో ఒకరికి ఇచ్చి, "నాకు అక్కడ సిలబస్ అయిపోయిందట, ఇది మీకు పనికొస్తుందేమో" అంది. ఫిబ్రవరి నెలాఖరుకు ఆ నోట్‌బుక్ జెరాక్సు కాపీ మా తరగతిలో లేనివాళ్లు లేరు. ప్రతి సూత్రం పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు వాక్యాల్లో రాసి ఉంది. ఆర్నెల్లు మా పక్క బెంచీలోనే ఉన్నా మేము చూడలేదు.

ఏ రంగం పెరుగుతోందన్న మా వాదన ఇంకా తేలలేదు. ఇప్పుడు మాత్రం ఎవరైనా "అది పెరుగుతోంది" అంటే "ఎంత నుంచి ఎంతకు? ఎన్నేళ్లలో? ఎవరు పేర్కొంటున్నారు?" అని అడుగుతున్నాం. కొత్తగా ఎవరైనా తరగతిలోకి వస్తే మొదటి వారంలోనే వెళ్లి నోట్సు కూడా అడుగుతున్నాం.